చలి రాజధానికి మూడు రోజుల ప్రయాణం

పెళ్లికి వెళ్లేవారు పట్టుబట్టలు సర్దుకుంటారు. తీర్థయాత్రకు వెళ్లేవారు పులిహోర మూట కట్టుకుంటారు. ఎక్కడికి వెళుతున్నామో దాన్నిబట్టే సన్నాహం ఉంటుంది. తెలిసిన ఊరికి వెళ్లేటప్పుడు ఈ సన్నాహాన్ని ఒకరు నేర్పనక్కరలేదు. ఎండ ఎప్పుడు ముదురుతుందో, బస్సు ఏ వేళకు వస్తుందో, దాహమైతే ఎవరి ఇంటి తలుపు తట్టాలో అందరికీ తెలుసు. కాని తెలియని దేశానికి, అందులోనూ మంచు కురిసే దేశానికి, నాలుగు నాళ్ల కోసం వెళ్లవలసివస్తే ఈ తెలివిడిని ముందుగా సంపాదించుకోవాలి. అక్కడికి వెళ్లాక నేర్చుకుందాం అనుకుంటే, నేర్చుకునేలోగా తిరుగు ప్రయాణం రోజు వచ్చేస్తుంది.

తమిళనాడులోని హోసూరులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మ, నాన్న, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, అరవై అయిదేళ్ల అవ్వ - మొత్తం నలుగురు. డిసెంబరు సెలవుల్లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో మూడు రోజులు గడపాలని వారి కోరిక. ఈ ప్రయాణానికి వారు ఎలా సిద్ధం కావాలి? ఏ విషయాలు ముందుగా తెలుసుకోవాలి? వేటిని పట్టికలో చేర్చాలి, వేటిని విడిచిపెట్టాలి? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతికితే ప్రయాణ ప్రణాళిక అంటే ఏమిటో తెలుస్తుంది.

నగరం - దాని ఉనికి

ఏ ప్రయాణానికైనా మొదటి పని పటం విప్పడం. హెల్సింకీ ఫిన్లాండుకు దక్షిణపు అంచున, ఫిన్లాండు సింధుశాఖ ఒడ్డున ఉంది. ఈ సింధుశాఖ బాల్టిక్ సముద్రంలో ఒక భాగం. నగరం దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. హోసూరు 13 డిగ్రీల అక్షాంశానికి దగ్గరలో ఉంది. బళ్లారి, యానాం, షోలాపూరు, బరంపురం - ఈ ఊళ్లన్నీ 15 నుంచి 20 డిగ్రీల లోపలే ఉన్నాయి. గ్రీన్లాండు దక్షిణపు కొన కూడా ఇంచుమించు హెల్సింకీ ఉన్న అక్షాంశం మీదే ఉంది. అది ఎంత ఉత్తరాన ఉన్న నగరమో దీనినిబట్టి ఊహించవచ్చు.

స్వీడన్ రాజు గుస్తావ్ వాసా 1550లో ఈ పట్టణాన్ని నెలకొల్పాడు. అప్పట్లో ఫిన్లాండు స్వీడన్ ఏలుబడిలో ఉండేది. 1809లో అది రష్యా చక్రవర్తి అధీనంలోకి వెళ్లింది. 1812లో చక్రవర్తి మొదటి అలెగ్జాండరు ఫిన్లాండు రాజధానిని తుర్కూ నుంచి హెల్సింకీకి మార్చాడు. 1917 డిసెంబరు 6న ఫిన్లాండు స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. దేశ జనాభా ఇప్పుడు సుమారు 56 లక్షలు. అందులో ఆరున్నర లక్షలకు మించి హెల్సింకీలో నివసిస్తున్నారు. మన దేశపు మహానగరాలతో పోలిస్తే అది చిన్న ఊరే. ప్రధానమైన కట్టడాలన్నీ నడిచి చేరుకోగలిగినంత దూరంలో ఉన్నాయి. తక్కువ రోజుల ప్రయాణానికి ఇది ఎంతో అనుకూలం.

పొద్దును లెక్కవేయడం

ప్రయాణికుడి దగ్గర డబ్బు ఎంత ఉందో లెక్క వేసుకుంటాడు. ఉత్తర దేశాలకు వెళ్లేవాడు డబ్బుతోపాటు పొద్దును కూడా లెక్కవేసుకోవాలి. హోసూరులో డిసెంబరు నెలలో సైతం 11 గంటలకు పైగా పగలు ఉంటుంది. హెల్సింకీలో డిసెంబరు 22 ప్రాంతంలో సూర్యుడు ఉదయం సుమారు 9 గంటల 25 నిమిషాలకు ఉదయించి, మధ్యాహ్నం 3 గంటల 15 నిమిషాలకల్లా అస్తమిస్తాడు. పగటి వేళ ఆరు గంటలైనా ఉండదు.

దీనికి కారణం భూమి అక్షం సుమారు ఇరవై మూడున్నర డిగ్రీలు వంగి ఉండడమే. డిసెంబరులో ఉత్తరార్ధగోళం సూర్యుడికి ఎడంగా వాలి ఉంటుంది. అప్పుడు హోసూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 54 డిగ్రీల ఎత్తున కనిపిస్తాడు. అదే వేళకు హెల్సింకీలో ఆరేడు డిగ్రీల ఎత్తుకు మాత్రమే లేస్తాడు. అంటే అక్కడి మిట్టమధ్యాహ్నం ఇక్కడి పొద్దు వాలే వేళలా ఉంటుందన్నమాట. నీడలు పొడుగ్గా సాగుతాయి. మబ్బు పట్టిన రోజున వీధి దీపాలు పగలే వెలుగుతూ కనిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఫిన్లాండు ఉత్తరపు కొసన ఉన్న గ్రామాల్లోనైతే నెల రోజులకు పైగా సూర్యుడు ఉదయించనే ఉదయించడు. జూన్ నెలలో ఇదంతా తలకిందులవుతుంది. అప్పుడు హెల్సింకీలో పగలు దాదాపు 19 గంటలు ఉంటుంది.

ఈ లెక్క తెలియనివారు ఏం చేస్తారు? దూర ప్రయాణం చేసి అలసి, పొద్దున తొమ్మిదింటిదాకా చీకటిగా ఉంది కదా అని పడుకుంటారు. తీరికగా భోజనం చేసి ఒంటిగంటకు బయలుదేరుతారు. రెండు గంటలు తిరిగేసరికి పొద్దు గుంకుతుంది. అలా మూడు రోజులు గడిస్తే, లక్షల రూపాయలు ఖర్చు పెట్టి చూసిన వెలుగు ఆరు గంటలు! తెలిసినవారు చీకటి ఉండగానే లేచి, ఫలహారం ముగించి, పది గంటలకు బయట ఉంటారు. ఆరుబయట చూడవలసినవి పది నుంచి మూడు లోపల చూస్తారు. గ్రంథాలయాలు, చిత్రశాలలు, అంగళ్లు వంటివి చీకటిపడ్డాక చూస్తారు. ఈ ఒక్క నియమంతో మూడు రోజుల ప్రయాణం నిజంగా మూడు రోజులవుతుంది.

గడియారం సంగతి కూడా మరచిపోకూడదు. శీతకాలంలో హెల్సింకీ సమయం మన సమయానికి మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. మొదటి రోజున అవ్వకు రాత్రి ఎనిమిదికే నిద్ర ముంచుకొస్తుంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. కాబట్టి మొదటి సాయంత్రం పెద్ద కార్యక్రమం ఏదీ పెట్టుకోకపోవడమే మంచిది.

తేదీలు - పత్రాలు

తక్కువ రోజులు ఉన్నప్పుడు తేదీల ఎంపిక చాలా ముఖ్యం. క్రిస్మసు పండుగను హెల్సింకీలో చూద్దామని ఈ కుటుంబానికి అనిపించవచ్చు. కాని ఆ దేశంలో క్రిస్మసు ఇంటిల్లిపాదీ ఇంట్లోనే జరుపుకునే పండుగ. డిసెంబరు 24 మధ్యాహ్నానికి అంగళ్లు మూతపడతాయి. ఆ సాయంత్రం ట్రాములు, బస్సులు బాగా తగ్గిపోతాయి. 25న వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. కొత్తవారికి భోజనం దొరకడం కూడా కష్టమే. అందుచేత 27, 28, 29 తేదీలు ఎంచుకోవడం తెలివైన పని. ఆ మూడు రోజుల్లో సోమవారం వస్తే, ఆ రోజున చాలా ప్రదర్శనశాలలకు సెలవు అని గుర్తుంచుకోవాలి.

తర్వాత పత్రాలు. ఫిన్లాండు షెంగెన్ దేశాల్లో ఒకటి. ఈ దేశాలన్నింటికీ కలిపి ఒకే వీసా ఇస్తారు. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. సెలవుల రద్దీ ఉంటుంది కాబట్టి రెండు మూడు నెలల ముందే చేయడం క్షేమం. పాస్‌పోర్టు, తిరుగు ప్రయాణం అయిన తర్వాత ఇంకా మూడు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి. 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా చేయించుకోవాలి. మంచు మీద జారిపడి చెయ్యి విరిగితే పరదేశంలో వైద్యానికి ఎంత ఖర్చవుతుందో తలచుకుంటే, ఈ నియమం ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. అక్కడ చెల్లే నాణెం యూరో. ఏ ఆపద వచ్చినా పిలవవలసిన సంఖ్య 112.

చలికి సన్నాహం

"చలి దేశం" అనగానే అంతా తెల్లని మంచు, గడ్డకట్టిన సముద్రం కళ్ల ముందు మెదులుతాయి. హెల్సింకీలో డిసెంబరు నెల ఎప్పుడూ అలా ఉండదు. ఉష్ణోగ్రత తరచు సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఊగుతుంటుంది. ఒకరోజు మంచు కురుస్తుంది. మరునాడు అది కరిగి బురద బురదగా మారుతుంది. రాత్రికి ఆ నీరు గడ్డకట్టి దారులు అద్దంలా నున్నబడతాయి. ఒక్కొక్క ఏడు సున్నాకు 15 డిగ్రీలు దిగువకు పడిపోవడమూ ఉంది. సముద్రం గడ్డకట్టేది సాధారణంగా జనవరి దాటాకనే. కాబట్టి పొడి చలికి, తడి చలికి రెండింటికీ సిద్ధపడాలి.

చాలామంది ఒకే ఒక దళసరి కోటు కొనుక్కుంటే చాలునని అనుకుంటారు. అది పొరపాటు. చలి నుంచి కాపాడేది బట్ట ఒక్కటే కాదు, పొరల మధ్య నిలిచి ఉండే గాలి కూడా. గాలి అధమ ఉష్ణవాహకం. ఒంటి వేడిని అది బయటికి పోనివ్వదు. అందుకని మూడు పొరలుగా బట్టలు వేసుకోవాలి. ఒంటిని అంటి ఉండే మొదటి పొర చెమటను పీల్చి బయటికి పంపాలి. దీనికి పలుచని ఉన్ని బట్ట మంచిది. నూలు బట్ట మన ఎండలకు ఎంత హాయో, ఆ చలికి అంత చేటు. అది చెమటకు తడిసి ఆరక, ఒంటిని చల్లబరుస్తుంది. రెండో పొర ఉన్ని స్వెట్టరు. మూడో పొర గాలిని, నీటిని ఆపే కోటు. ఇంట్లోకి, అంగట్లోకి, ట్రాములోకి వెళితే వెచ్చగా ఉంటుంది. ఇళ్లలో ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దగ్గరగా ఉంచుతారు. అప్పుడు పై పొరలు ఒక్కొక్కటే విప్పుకోవచ్చు. ఒకే దళసరి బట్ట వేసుకుంటే ఈ సౌకర్యం ఉండదు.

చెవులను కప్పే టోపీ, మెడకు మఫ్లరు, చేతి తొడుగులు తప్పనిసరి. బూట్లు నీరు చొరనివిగా, అడుగున లోతైన గాళ్లు ఉన్నవిగా చూసుకోవాలి. దళసరి మేజోళ్లు తొడిగినా వేళ్లు కదిలేటంత ఖాళీ ఉండాలి. బిగుతు బూట్లలో రక్తం సరిగా పారక కాళ్లు త్వరగా చల్లబడతాయి. తీవ్రమైన చలిలో ముక్కు, చెవులు, బుగ్గలు తెల్లబడి స్పర్శ పోతే అది ప్రమాద సూచన. వెంటనే వెచ్చని చోటికి వెళ్లాలి. ఆ భాగాన్ని గట్టిగా రుద్దకూడదు, మెల్లగా వెచ్చబడనివ్వాలి.

నడక కూడా మార్చుకోవాలి. మంచుగడ్డ మీద పెద్ద అడుగులు వేస్తే జారిపడతారు. చిన్న చిన్న అడుగులు వేస్తూ, పాదం మొత్తం ఆనించి నడవాలి. జారకుండా బూట్ల అడుగున తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు అక్కడి అంగళ్లలో దొరుకుతాయి. అవ్వ కోసం మొదటి రోజే ఒక జత కొనడం మంచిది. నగర పాలకులు కాలిబాటల మీద సన్నని కంకర చల్లుతారు. కప్పుల మీది మంచు కింద పడే అవకాశం ఉన్నచోట హెచ్చరిక పలకలు పెడతారు. ఆ పక్కన నడవకూడదు.

మరో చిన్న వస్తువు ఉంది. చీకట్లో బండి దీపం పడినప్పుడు తళుక్కుమనే బిళ్లను ఫిన్లాండులో పిల్లలూ పెద్దలూ కోటుకు వేలాడదీసుకుంటారు. సాయంత్రం మూడున్నరకే చీకటిపడే ఊళ్లో దాని విలువ ఎంతో చెప్పనక్కరలేదు. చేతి ఫోను సంగతి కూడా చూసుకోవాలి. చలికి దాని బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. పటం, టికెట్టు, చిరునామా అన్నీ ఫోనులోనే పెట్టుకున్నవారు అది ఆరిపోతే నడివీధిలో నిలబడిపోవలసి వస్తుంది. ఫోనును లోపలి జేబులో పెట్టుకోవాలి. బస చేసిన చోటి చిరునామా కాగితం మీద రాసి ఒక్కొక్కరి దగ్గర ఉంచుకోవాలి.

మూడు రోజుల పట్టిక

విమానాశ్రయం నగరానికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, వంతా అనే పొరుగు పట్టణంలో ఉంది. 2015లో వేసిన రైలుమార్గం మీదుగా అరగంటలో నగరం నడిబొడ్డుకు చేరవచ్చు. నగర ప్రాంతాన్ని మండలాలుగా విభజించారు. ఒకటి, రెండు, మూడు రోజులకు, ఇంకా ఎక్కువ రోజులకు చెల్లే టికెట్లు దొరుకుతాయి. అదే టికెట్టు మీద ట్రాము, బస్సు, మెట్రో, రైలు ఏదైనా ఎక్కవచ్చు. విమానాశ్రయం బయటి మండలంలో ఉంది కాబట్టి వచ్చేరోజున, పోయేరోజున ఆ మండలం కూడా కలిసిన టికెట్టు కొనాలి. ట్రాము డ్రైవరు టికెట్టు అమ్మడు. ఎక్కకముందే కొనుక్కోవాలి.

మొదటి రోజు: రైల్వే స్టేషను నుంచే చూడడం మొదలుపెట్టవచ్చు. ఎలియెల్ సారినెన్ రూపకల్పన చేసిన ఈ కట్టడం 1919లో ప్రారంభమైంది. ముఖద్వారానికి అటూ ఇటూ దీపగోళాలు పట్టుకున్న రాతి మనుషులు నిలబడి ఉంటారు. అక్కడి నుంచి నడిచి సెనేట్ కూడలికి చేరవచ్చు. హెల్సింకీ రాజధాని అయినప్పుడు ఈ కూడలిని, చుట్టూ ఉన్న కట్టడాలను జర్మన్ వాస్తుశిల్పి కార్ల్ లుడ్విగ్ ఎంగెల్ తీర్చిదిద్దాడు. ఎత్తయిన మెట్ల మీద 1852లో పూర్తయిన తెల్లని చర్చి ఉంది. కూడలి మధ్యలో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండరు విగ్రహం ఉంది. అది 1894 నాటిది. స్వతంత్రం వచ్చాక కూడా ఫిన్లాండు ప్రజలు దాన్ని తొలగించలేదు. వెలుగు తగ్గేవేళకు ఓడి గ్రంథాలయానికి వెళ్లవచ్చు. స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భానికి గుర్తుగా కట్టిన ఈ గ్రంథాలయాన్ని 2018 డిసెంబరు 5న, అంటే స్వాతంత్ర్య దినానికి ముందురోజున, ప్రారంభించారు. ఇది పార్లమెంటు భవనానికి ఎదురుగా ఉంది. అక్కడ పుస్తకాలే కాదు, కుట్టుమిషన్లు, సంగీత సాధనకు గదులు కూడా ఉన్నాయి. లోపలికి వెళ్లడానికి రుసుము లేదు. అవ్వ కూర్చుని విశ్రాంతి తీసుకోవడానికీ, అమ్మాయి తిరిగి చూడడానికీ అది తగిన చోటు.

రెండో రోజు: వాతావరణం బాగుంటే ఉదయం పది గంటలకు సముద్రపు ఒడ్డున సంత కూడలి దగ్గర పడవ ఎక్కాలి. పావుగంటలో సువోమెన్‌లిన్నా అనే ద్వీపదుర్గం చేరుతుంది. 1748లో స్వీడన్ పాలకులు దీన్ని కట్టడం ప్రారంభించారు. 1808లో ఇది రష్యా సేనలకు లొంగిపోయింది. 1991లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ ఇప్పటికీ కొన్ని వందల మంది నివసిస్తున్నారు. వారి రాకపోకలు ఆ పడవ మీదే కాబట్టి అది చలికాలంలోనూ నడుస్తుంది. నగర టికెట్టే దానికీ చెల్లుతుంది. ద్వీపం మీద గాలి జోరుగా వీస్తుంది, దారులు ఎగుడుదిగుడు రాళ్లతో ఉంటాయి. అవ్వ అక్కడిదాకా రాలేనంటే, అమ్మతో కలిసి 1889 నాటి పాత సంత భవనంలో కూర్చోవచ్చు. అది పడవల రేవుకు దగ్గరే. రై పిండి రొట్టెలో మెత్తగా ఉడికించిన బియ్యం పెట్టి కాల్చే వంటకం అక్కడివారికి ఇష్టం. బియ్యం పండని దేశంలో బియ్యం వంటకం చూసి అవ్వ తప్పక సంతోషిస్తుంది. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగవచ్చు. ఆ నీళ్లు పైయన్నె అనే సరస్సు నుంచి 120 కిలోమీటర్ల పొడవున రాతిలో తొలిచిన సొరంగం గుండా వస్తాయి.

మూడో రోజు: రాతిగుట్టను తొలిచి కట్టిన టెంపెలియౌకియో చర్చిని చూడాలి. ఇద్దరు అన్నదమ్ములు రూపకల్పన చేసిన ఈ చర్చి 1969లో పూర్తయింది. గోడలు చెక్కని బండరాయి. పైకప్పు రాగి. కప్పుకు గోడలకు మధ్య చుట్టూరా గాజు పలకలు ఉండడంచేత ఆ కాస్త వెలుగూ లోపలికి దిగుతుంది. సమయం మిగిలితే సంగీతకారుడు సిబెలియుస్ స్మారకాన్ని చూడవచ్చు. 1967లో నెలకొల్పిన ఆ స్మారకం ఆరు వందలకు పైగా ఉక్కు గొట్టాల సమూహం. తర్వాత విమానాశ్రయానికి బయలుదేరాలి. మంచు ఎక్కువగా పడితే ప్రయాణం ఆలస్యం కావచ్చు కాబట్టి గంట ముందే కదలాలి.

ఈ పట్టికలో లేనిది ఒకటి ఉంది. సింధుశాఖకు అవతల సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఎస్తోనియా రాజధాని తాలిన్ ఉంది. ఓడలో రెండు గంటలు ప్రయాణం. "ఇంత దూరం వచ్చాం, అది కూడా చూసేద్దాం" అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని రానూ పోనూ నాలుగు గంటలు, ఓడ ఎక్కడానికి దిగడానికి మరి రెండు గంటలు. ఆ రోజు వెలుగంతా అక్కడికే సరి. ఏది చూడాలో తేల్చుకోవడం ఎంత అవసరమో, ఏది చూడకూడదో తేల్చుకోవడమూ అంతే అవసరం.

రెండు పేర్ల వీధులు

రైల్వే స్టేషను బయటికి రాగానే ఒక వీధి పేరు పలక కనిపిస్తుంది. పైన "కైవోకాతు" అనీ, కింద "బ్రూన్స్‌గాటన్" అనీ రాసి ఉంటుంది. కొత్తవారు అవి రెండు వీధులని పొరబడతారు. నిజానికి అది ఒకే వీధి. మొదటి పేరు ఫిన్నిష్ భాషలో, రెండోది స్వీడిష్ భాషలో. రెండింటి అర్థమూ "బావి వీధి" అనే. నగరానికీ ఇలాగే రెండు పేర్లున్నాయి. ఫిన్నిష్‌లో హెల్సింకీ, స్వీడిష్‌లో హెల్సింగ్‌ఫోర్స్. ప్రయాణికుడు ఈ సంగతి ముందుగా తెలుసుకుంటే పటంలో ఒక పేరు, పలక మీద ఇంకొక పేరు చూసి తికమకపడడు.

ఈ రెండు పేర్ల వెనుక చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం హెల్సింకీలో స్వీడిష్ మాట్లాడేవారే ఎక్కువ. క్రమంగా ఫిన్నిష్ మాట్లాడేవారి సంఖ్య పెరిగింది. ఇప్పుడు దేశం మొత్తం మీద స్వీడిష్ మాతృభాషగా ఉన్నవారు నూటికి ఐదుగురు మాత్రమే. అయినా రాజ్యాంగం ఫిన్నిష్, స్వీడిష్ రెండింటినీ జాతీయ భాషలుగా గుర్తించింది. ఒక పట్టణంలో తక్కువ సంఖ్యలో ఉన్న భాషవారు నూటికి ఎనిమిది మంది గానీ, మూడు వేల మంది గానీ ఉంటే ఆ పట్టణాన్ని రెండు భాషల పట్టణంగా పరిగణిస్తారు. అక్కడ పలకలు, పాఠశాలలు, కార్యాలయాల సేవలు రెండు భాషల్లోనూ ఉండాలి. ఎవరి సంఖ్య ఎక్కువో వారి భాషను పలక మీద పైన రాస్తారు. హెల్సింకీలో స్వీడిష్ బడులున్నాయి, స్వీడిష్ నాటకశాల ఉంది, స్వీడిష్ దినపత్రిక ఉంది.

మన దేశంలోనూ భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం చెబుతోంది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణం ఈ బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వింటూ పెరిగిన హోసూరు అమ్మాయికి ఆ పలక వింతగా తోచదు. రెండు భాషల మధ్య బతకడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. వేల మైళ్ల దూరాన ఉన్న పిల్లలు కూడా అలాగే పెరుగుతున్నారని మాత్రం అక్కడ కొత్తగా తెలుస్తుంది.

ఫిన్నిష్ భాషలో తెలుగువారికి దగ్గరగా తోచే లక్షణం ఒకటుంది. ఆ రెండు భాషలకు చుట్టరికం లేదు. కాని రెండింటిలోనూ విభక్తి ప్రత్యయాలు మాట చివర చేరతాయి. ఫిన్నిష్‌లో "తాలో" అంటే ఇల్లు. "తాలోస్సా" అంటే ఇంట్లో. "తాలోస్తా" అంటే ఇంట్లోంచి. మనం "హెల్సింకీలో" అన్నట్టే వారు "హెల్సింగిస్సా" అంటారు. "లో" చేరినప్పుడు మన "ఇల్లు" కాస్తా "ఇంటి"గా మారినట్టే, అక్కడ "హెల్సింకీ"లోని "క" కూడా "గ"గా మారింది. "కీతోస్" అంటే కృతజ్ఞతలు. ఈ ఒక్క మాట నేర్చుకుని వెళ్లినా అంగట్లో, ట్రాములో ఎదుటివారి ముఖం వికసిస్తుంది. అక్కడివారు కొత్తవారితో ఎక్కువగా మాట్లాడరు. అది అయిష్టం కాదు, వారి మర్యాద. ఎవరి ఇంటికైనా పిలిస్తే, మన ఇళ్లలోలాగే, బూట్లు గుమ్మం దగ్గరే విడిచి లోపలికి వెళ్లాలి.

ప్రయాణ ప్రణాళిక అంటే చూడవలసిన చోట్ల జాబితా మాత్రమే కాదు. ఆ ఊరి పొద్దు ఎంత, చలి ఎలాంటిది, పండుగలు ఎప్పుడు, జనం మాట ఏమిటి - ఇవి తెలుసుకుని వాటికి తగినట్టు మన రోజును అమర్చుకోవడమే ప్రణాళిక. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి అడుగును బట్టి ఆ రోజు నడక నిర్ణయించాలి. ఇలా సిద్ధపడి వెళ్లినవారికి ఆరు గంటల పగలు కూడా చాలినంత వెలుగునిస్తుంది.

అభ్యాసం

1. హెల్సింకీలో డిసెంబరు పగలు ఎందుకు చిన్నదిగా ఉంటుంది? భూమి బొమ్మ గీసి వివరించండి.
2. ఒక దళసరి కోటు కన్నా మూడు పొరల బట్టలు ఎందుకు మేలు?
3. ఈ కుటుంబం తాలిన్ నగరాన్ని పట్టికలో చేర్చకపోవడం సరైనదేనా? మీ అభిప్రాయం రాయండి.
4. మీ ఊళ్లో వీధి పలకలు, బస్సు పలకలు ఏయే భాషల్లో ఉన్నాయి? చూసి, పట్టిక తయారుచేయండి.
5. చలిదేశం నుంచి ఒక కుటుంబం మే నెలలో మూడు రోజుల కోసం మీ ఊరికి వస్తోంది. ఎండ వేళలను దృష్టిలో పెట్టుకుని వారికి ఒక ప్రయాణ పట్టిక రాయండి.